కడలి అడుగున కవిలెకట్ట

రాజుల చరిత్ర తెలిసికొనవలెనన్న శాసనములు కలవు, నాణెములు కలవు, తాళపత్రములు కలవు. గ్రామపు భూముల చరిత్ర కావలసినచో పూర్వము కరణముగారి కవిలెకట్ట ఉండెడిది. కాని వ్రాత పుట్టుటకు లక్షల సంవత్సరములకు పూర్వము భూమిపై చలి యెంత యుండెనో, మంచు ఎంతవఱకు ప్రాకెనో, సముద్రము ఎంత లోతునకు దిగెనో ఎవరు వ్రాసిపెట్టిరి? వ్రాసినవారు లేరు. అయినను ఆ లెక్క చెడిపోలేదు. అది వేలమీటర్ల నీటి క్రింద, సముద్రగర్భమున, బురదరూపమున పొరలు పొరలుగా నిలిచియున్నది. ఆ బురదను పైకి తీసి, చదువుట నేర్చుకొని, చదివినది నిజమా కాదా యని పరీక్షించుటకు శాస్త్రజ్ఞులకు నూఱేండ్లకు పైగా పట్టినది.

ముందుగా భూమిపై దొరకిన సాక్ష్యమును చూతము. ఐరోపాఖండమున స్విట్జర్లాండు దేశమున ఆల్ప్సు పర్వతములు కలవు. ఆ కొండలపై కురిసిన మంచు వేసవిలో పూర్తిగా కరగక, ఏటికేడు పేరుకొని, తన బరువునకు తానే గట్టిపడి, గడ్డకట్టిన నదివలె మెల్లమెల్లగా లోయలలోనికి జాఱును. దీనిని హిమానీనద మందురు. అది దినమునకు మూరెడు నడచినను వేగముగా నడచినట్లే. కాని దాని బలము అపారము. ఇంటియంత బండలను మోసికొనిపోవును. అడుగున చిక్కిన రాతిని ఆకురాయివలె అరగదీసి గీతలు పెట్టును.

ఆల్ప్సు లోయలలో నేడు మంచు చేరువలో లేని చోట్ల, పచ్చికబయళ్ల నడుమ, ఆ ప్రాంతపు రాతితో సంబంధము లేని గొప్ప గుండ్లు పడియున్నవి. జలప్రళయము వానిని కొట్టుకొనివచ్చినదని పూర్వపు పండితులు తలచిరి. పెరోదాన్ అను కొండవేటకాడు మాత్రము అవి హిమానీనదము మోసిన గుండ్లనియు, ఒకప్పుడు మంచు అంతదూరము వచ్చియుండుననియు 1815లో షార్పాంత్యే అను ఉప్పుగనుల అధికారికి చెప్పెను. చదువుకొన్న షార్పాంత్యే ఆ మాటను లెక్కచేయలేదు. సుమారు ఇరువది ఏండ్లకు ఆయనయే ఆ మాటను పండితులయెదుట సమర్థింపవలసి వచ్చెను! పిమ్మట 1837లో లూయీ అగాసీ అను యువశాస్త్రజ్ఞుడు నూషటెల్ నగరమున జరిగిన పండితసభలో, ఐరోపా ఉత్తరభాగమును మంచు కప్పివేసిన కాల మొకటి కలదని చాటెను. నాటినుండి హిమయుగమను మాట వాడుకలోనికి వచ్చినది.

హిమయుగము ఒక్కటేనా, పెక్కులా? పెంక్, బ్రూక్నర్ అను ఇరువురు ఆల్ప్సు ప్రాంతపు నదుల ఒడ్డున మెట్లు మెట్లుగా నున్న గులకరాళ్ల దిబ్బలను పరిశీలించి, 1901 మొదలు 1909 వఱకు ప్రకటించిన గ్రంథమున, హిమకాలములు నాలుగని తేల్చిరి. అక్కడి ఏళ్ల పేళ్లనే గుంజ్, మిండెల్, రిస్, వుర్మ్ అని వానికి పెట్టిరి. అర్ధశతాబ్దికి పైగా పాఠ్యపుస్తకములు ఈ నాలుగు పేళ్లనే వల్లించినవి.

ఇం దొక చిక్కు కలదు. పలకమీద ఒక లెక్క చేసి, దానిని తుడిచి, అదే పలకమీద మఱియొక లెక్క చేసినచో, కడపటి లెక్కయే స్పష్టముగా నిలుచును. హిమానీనదములు చేయు పనియు ఇట్టిదే. కొత్తగా వచ్చిన మంచు పాతమంచు విడిచిన గుండ్లను త్రోసివేయును, గీతలను అరగదీయును, దిబ్బలను చెదరగొట్టును. ఎక్కడనో మిగిలిన నాలుగు గుర్తులనుబట్టి జరిగినవి నాలుగే యనుటకు వీలు లేదు. తుడిచివేత లేని పలక యొకటి కావలెను.

ఈలోపల మఱికొందఱు హిమకాలములు ఎందులకు వచ్చునని విచారింప మొదలిడిరి. వారిలో జేమ్స్ క్రోల్ అను స్కాట్లండు దేశీయుని తలచుకొనక తీరదు. ఆయన పేదకుటుంబమున పుట్టి, వడ్రంగము చేసి, తేయాకు అంగడి పెట్టి, పూటకూళ్ల సత్రము నడపి, ఏ పనియందును నిలదొక్కుకొనలేక, 1859లో గ్లాస్గో నగరమందలి ఒక కళాశాల వస్తుప్రదర్శనశాలలో కాపలాపనికి కుదిరెను. జీతము స్వల్పము, కాని అక్కడ మంచి గ్రంథాలయము కలదు. ఆ పుస్తకములు చదివి చదివి, భూమి సూర్యుని చుట్టు తిరుగు త్రోవలోని మార్పులే హిమకాలములకు కారణమని 1864లో ఒక వ్యాసము ప్రకటించెను. ఆయన లెక్క ప్రకారము కడపటి హిమకాలము 80,000 ఏండ్ల క్రిందటనే ముగియవలెను. కాని నయాగరా జలపాతము కోసిన లోయను కొలిచినవారికి మంచు తొలగి అంతకాలము కాలేదని తోచినది. దానితో క్రోల్ వాదము మూలపడెను.

దానిని మరల పైకెత్తినవాడు సెర్బియా దేశపు గణితాచార్యుడు మిలుటిన్ మిలాంకోవిచ్. ఆయన లెక్కించిన చలనములు మూడు. మొదటిది భూమి త్రోవ యొక్క ఆకారము. అది ఒకప్పుడు ఇంచుమించు గుండ్రముగను, ఒకప్పుడు కొంచెము కోలగను ఉండును. ఈ మార్పునకు పట్టు కాలము సుమారు 1,00,000 ఏండ్లు. రెండవది భూమి అక్షపు వాలు. ఇప్పుడది సుమారు 23.4 డిగ్రీలు, అది 22.1 డిగ్రీలకు, 24.5 డిగ్రీలకు నడుమ ఊగుచు, ఒక ఊపు పూర్తిచేయుటకు 41,000 ఏండ్లు పట్టును. మూడవది మన పెద్దలెఱిగినదే. వేగము తగ్గిన బొంగరము తల త్రిప్పునట్లు భూమి అక్షము కూడ సుమారు 26,000 ఏండ్ల కొకమాఱు తల త్రిప్పును. మన పంచాంగకర్తలు అయనాంశ యను పేర లెక్కకట్టునది దీనినే. సూర్యుడు ఉత్తరమునకు తిరుగుట డిసెంబరు 21 లేక 22వ తేదీన జరుగుచుండగా, మనము మకరసంక్రాంతిని జనవరి 14 లేక 15వ తేదీన చేసికొనుటకు ఈ చలనమే కారణము. కోలయైన త్రోవ కూడ తానుగా మెల్లగా తిరుగుచుండుటచేత, ఋతువులకు సూర్యుని దూరమునకు గల సంబంధము 26,000 ఏండ్లకంటె త్వరగానే, అనగా సుమారు 21,000 ఏండ్లకే, మొదటికి వచ్చునని నాడు తలచిరి. ఈ కడపటి అంకెను గుర్తుంచుకొనుడు. దానితో పని కలదు.

ఈ మూడింటివలన భూమికి ఏడాదిలో వచ్చు మొత్తపు ఎండ చాల స్వల్పముగా మాఱును. మాఱునది ఎండయొక్క పంపకము: ఏ ఋతువున, ఏ అక్షాంశమున ఎంత పడునన్నది. క్రోల్ కఠినమైన చలికాలమే మంచును పెంచునని తలచెను. మిలాంకోవిచ్, జర్మను పండితుడు కెప్పెన్ సలహాపై, వేసవిని ముఖ్యముగా పట్టుకొనెను. ఉత్తరధ్రువమునకు చేరువనున్న నేలలపై చలికాలమున మంచు ఎట్లును కురియును; వేసవి చల్లగానున్నచో అది కరగదు; కరగని మంచుపై మరుసటి ఏటి మంచు పడును. ఏండ్లు గడచినకొలది అదియే కొండ యగును.

మిలాంకోవిచ్ లెక్కలు సుఖముగా సాగినవి కావు. 1914లో పెండ్లియైన క్రొత్తలో ఆయన తన పుట్టినయూరికి పోయియుండగా యుద్ధము వచ్చెను. ఆ యూరు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యములోనిది. శత్రుదేశపు పౌరుడని ఆయనను చెఱలో పెట్టిరి. ఆయన చెఱసాల గదిలో కూర్చుండి, వెంట తెచ్చుకొన్న కాగితములు తీసి, విడిచిన చోటినుండి లెక్క నందుకొనెను. పిమ్మట బుడాపెస్టు నగరమున నిర్బంధములోనే యుండి, హంగరీ విజ్ఞానపరిషత్తు గ్రంథాలయమున చదువుకొనుటకు అనుమతి పొందెను. జీవితకాలపు కృషియైన మహాగ్రంథము 1941లో బెల్‌గ్రేడు నగరమున అచ్చగుచుండగా జర్మను విమానముల బాంబులకు అచ్చుకూటము నేలమట్టమయ్యెను. అచ్చయిన కాగితములు చాలవఱకు గోదామున నుండుటచే బ్రతికినవి. ఇంత చేసినను, 1958లో ఆయన మరణించునాటికి భూగర్భశాస్త్రజ్ఞులలో పెక్కుమంది ఆ సిద్ధాంతమును త్రోసిపుచ్చియుండిరి. ఆకాశపు లెక్క సరిగానే యున్నది. కాని భూమిమీది మంచు ఆ లెక్క ప్రకారము నడచినదని చెప్పు సాక్షి యెక్కడ?

ఆ సాక్షి సముద్రములో నుండెను. గోదావరి వరదకాలమున ఎఱ్ఱనీరు సముద్రమున కలియుట మీలో కొందఱు చూచియుందురు. నదులు తెచ్చు ఒండ్రు చాలవఱకు తీరమునకు చేరువనే దిగిపోవును. నడిసముద్రమునకు చేరునది సన్నని ధూళియు, మృతజీవుల గుల్లలును మాత్రమే. ఫొరామినిఫెరా యను సూక్ష్మజీవులు కోటానుకోట్లు సముద్రజలమున తేలుచుండును. ఒక్కొక్క జీవి ఇసుకరేణువంత. కాని ఒక్కొక్కటియు సముద్రపు నీటినుండి సున్నమును గ్రహించి తనచుట్టు గుల్ల కట్టుకొనును. అవి చచ్చినపిమ్మట ఆ గుల్లలు పగలు, రేయి, ఎడతెగని సన్నని వానవలె సముద్రపు అడుగునకు రాలుచుండును. 1872 మొదలు 1876 వఱకు ప్రపంచసముద్రములను చుట్టివచ్చిన ఛాలెంజరు అను ఆంగ్లనౌక, ఎన్నియో చోట్ల సముద్రపు అడుగు ఈ గుల్లల బురదయే యని కనుగొనెను. మిక్కిలి లోతైన చోట్ల మాత్రము గుల్లలు కరగిపోవును. అందుచేత ఏ బురద పనికివచ్చునో ఎంచుకొనుటకే ఒక నేర్పు కావలెను.

అక్కడ హిమానీనదములు లేవు, గాలివానలు లేవు, నాగళ్లు లేవు. అడుగున ప్రాకు పురుగులు పైపొరను నాలుగువ్రేళ్ల మందము కలచుట తప్ప అల్లరి తక్కువ. నిన్నటి గుల్లపై నేటి గుల్ల, దానిపై రేపటి గుల్ల. తుడిచివేత లేని పలక ఇదియే.

కాని దానిని పైకి తెచ్చు టెట్లు? బరువైన ఇనుపగొట్టమును త్రాటికి కట్టి జారవిడిచినచో అది మీటరు లోతునకు దిగుటయే కష్టము. ఇట్టి పొట్టి స్తంభములను చూచియే జర్మను శాస్త్రజ్ఞుడు షాట్ 1935లో ఒక వింత కనుగొనెను. వెచ్చని నీట మాత్రమే బ్రతుకు ఒక జాతి గుల్లలు పైపొరలో నున్నవి, నడిమి పొరలో లేవు, దాని క్రిందిపొరలో మరల నున్నవి! నడిమి పొర దిగునాడు అట్లాంటికు సముద్రపు నీరు చల్లబడియుండవలెను గదా. అయితే అంతకు పూర్వము సంగతి తెలియవలెనన్న స్తంభము పొడుగు కావలెను. స్వీడను దేశీయుడు కుల్లెన్‌బర్గ్ దీనికి ఉపాయము పన్నెను. పిచికారీ కాడను వెనుకకు లాగినచో నీరు గొట్టములోనికి ఎట్లు పీల్చబడునో, అట్లే గొట్టము బురదలో దిగునప్పుడు లోపలి బిరడా బురదను పీల్చుకొనును. 1947, 1948 సంవత్సరములలో ప్రపంచయాత్ర చేసిన ఆల్బట్రాసు నౌక ఈ పరికరముతో పది మీటర్లకు మించిన బురదస్తంభములను తీసెను. అమెరికాలో లమాంట్ పరిశోధనాలయమునకు అధిపతియైన మారిస్ యూయింగ్ తన నౌకలు ఎచ్చట నున్నను దినమునకొక స్తంభము తీయవలెనని నియమము పెట్టెను. ఎందుకు పనికివచ్చునో తెలియకుండగనే తీసి దాచిన ఆ బురదయే తరువాతి కాలమున సిద్ధాంతముల తలవ్రాత మార్చినది.

ఇక చదువుట. నీటిలో ఉదజని, ఆమ్లజని యను రెండు మూలకములు కలవని మీరెఱుగుదురు. ఆమ్లజని పరమాణువులలో చాలవఱకు 16 పాళ్ల బరువు గలవి. సుమారు 500కు ఒకటి మాత్రము 18 పాళ్ల బరువుది. గుణములు రెండింటికి ఇంచుమించు ఒకటే, బరువు వేఱు. వీనిని ఐసోటోపు లందురు. 1934లో నోబెల్ బహుమానము పొందిన హెరాల్డ్ యూరీ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఒక లెక్క చేసి, సున్నపుగుల్ల ఏర్పడునప్పుడు నీరు ఎంత చల్లగానున్న అంత యెక్కువగా బరువైన ఆమ్లజని అందు చేరునని తెలిపెను. ఆ భేదము మిక్కిలి స్వల్పము: ఒక డిగ్రీకి పదివేలలో సుమారు రెండు పాళ్లు. దానిని కొలుచు యంత్రమును ఆయన శిష్యులు సిద్ధము చేసిరి. లక్షల ఏండ్ల క్రిందట చచ్చిన పురుగు గుల్ల నాటి నీటి చలిని చెప్పు ఉష్ణమాపక మయ్యెను!

ఆ శిష్యబృందమున చేరిన ఇటలీ దేశీయుడు సెజారె ఎమిలియాని, సముద్రస్తంభములందలి గుల్లలను పొరపొరకు పరీక్షించి 1955లో ఫలితములు ప్రకటించెను. బరువు ఆమ్లజని పెరుగుచు, తరుగుచు, అలలవలె కానవచ్చెను. పైనుండి క్రిందికి వెచ్చని కాలములకు 1, 3, 5 అని బేసి అంకెలును, చల్లని కాలములకు 2, 4, 6 అని సరి అంకెలును ఆయన వేసెను. నేటికిని శాస్త్రజ్ఞులు ఆ అంకెలనే వాడుచున్నారు. లెక్కించి చూడగా హిమకాలములు నాలుగింటిని మించిపోయినవి.

అయితే ఎమిలియాని చదువులో ఒక సందేహము దాగియుండెను. సముద్రజలము ఆవిరియగునప్పుడు తేలిక ఆమ్లజనిగల నీరు సులువుగా పైకి లేచును, బరువుది వెనుకబడును. ఆ ఆవిరి మేఘమై, మంచై నేలపై పడి, కరగి నదుల ద్వారా మరల సముద్రము చేరినచో లెక్క సరిపోవును. కాని హిమకాలమున ఆ మంచు తిరిగిరాదు. కెనడాపైనను, ఉత్తరఐరోపాపైనను రెండు మూడు కిలోమీటర్ల ఎత్తున పేరుకొనియుండును. తేలిక ఆమ్లజని అచ్చట బందీయై, సముద్రమున బరువుదాని పాలు పెరుగును. అప్పుడు నీరు చల్లబడకున్నను గుల్లలు బరువగును గదా! కనుక గుల్లలోని గుర్తు చలిని చెప్పుచున్నదా, నేలపై నిలిచిన మంచును చెప్పుచున్నదా? ఎమిలియాని చలిపాలే యెక్కువయని పట్టుపట్టెను.

ఈ చిక్కును విడదీసినవాడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున పనిచేసిన నికొలాస్ షాకిల్టన్. ఆయన ఆలోచన ఇది. ఫొరామినిఫెరాలలో కొన్నిజాతులు నీటిపైభాగమున తేలును. కొన్నిజాతులు సముద్రపు అడుగుననే బ్రతుకును. అడుగునీరు నేడును గడ్డకట్టుటకు కొంచెము పైమెట్టున నున్నది. ఇంతకంటె అది ఎంతని చల్లబడగలదు? కావున గుల్లలలోని గుర్తు చలివలన పుట్టినదైనచో, పైజాతి గుల్లలలో పెద్దమార్పును, అడుగుజాతి గుల్లలలో చిన్నమార్పును కనబడవలెను. మంచువలన పుట్టినదైనచో రెండింటను ఇంచుమించు సమానముగా కనబడవలెను. అడుగుజాతి గుల్లలు చాల అరుదు. పిడికెడు బురదలో కొన్ని మాత్రమే దొరకును. అందుకై ఆయన అతిస్వల్పమైన పదార్థమును కొలువగల్గునట్లు తన యంత్రమును సంస్కరించెను. 1967లో ఫలితము వెలువడెను: మార్పు రెండింటను ఇంచుమించు సమానమే! ఈ కథ మొత్తమున నాకు ఇంతకంటె సొగసైన వాదము కనబడలేదు. తరువాతి పరిశోధనలవలన అడుగునీరు కూడ కొంత చల్లబడినదని తెలిసినది గనుక, గుర్తులో చలిపాలు కొంత కలదు. కాని మంచుపాలే ముఖ్యము. దీనివలన ఒక గొప్పమేలు కలిగెను. చలి ఒక్కొక్క సముద్రమున ఒక్కొక్క తీరు; మంచులెక్క అన్ని సముద్రములకు ఒక్కటే. పసిఫికు బురదను అట్లాంటికు బురదతో పోల్చిచూచుటకు వీలయ్యెను.

లెక్క దొరకెను గాని తేదీలు లేవు. కర్బనపు ఐసోటోపుతో కాలము కట్టు పద్ధతి సుమారు 50,000 ఏండ్లకు మించి పనిచేయదు. ఇచ్చట మఱియొక శాస్త్రము సాయము వచ్చినది. భూమి ఒక పెద్ద అయస్కాంతము. దిక్సూచి ముల్లు నేడు ఉత్తరమును చూపును. కాని ఒకప్పుడు దక్షిణమును చూపెడిదని 1906లో ఫ్రాన్సులో బ్రూన్ అను శాస్త్రజ్ఞుడును, పిమ్మట జపానులో మతుయామా అను శాస్త్రజ్ఞుడును పాతలావా రాళ్లవలన కనుగొనిరి. కడపటి మార్పు సుమారు 7,80,000 ఏండ్ల క్రిందట జరిగినది. సముద్రగర్భమున దిగిన ఇనుపరజను కూడ దిక్సూచి ముల్లువలెనే ఆనాటి దిక్కునకు తిరిగి నిలుచును. పశ్చిమ పసిఫికు సముద్రమున భూమధ్యరేఖకు చేరువను వీమా యను నౌక తీసిన ఒక స్తంభమును షాకిల్టన్, ఒప్‌డైక్ అనువారు పరీక్షించి 1973లో ప్రకటించిరి. పై అంచునుండి 12 మీటర్ల లోతున ముల్లు తలక్రిందులాయెను! మీరే లెక్కచేసి చూడుడు. 1,200 సెంటీమీటర్ల బురద 7,80,000 ఏండ్లలో దిగినది. అనగా వేయి ఏండ్లకు సెంటీమీటరున్నర మాత్రమే. ఆ 12 మీటర్లలో హిమకాలములు నాలుగు కాదు, ఎనిమిది కానవచ్చినవి. ఆల్ప్సు కొండల నాలుగు పేళ్లు దానితో వెనుకబడిపోయినవి.

మిలాంకోవిచ్ వ్యాజ్యము తీర్పునకు వచ్చినది ఈ సమయముననే. అమెరికా దేశీయులు జేమ్స్ హేస్, జాన్ ఇంబ్రీ యనువారు షాకిల్టనుతో చేరి, దాచియుంచిన వేలకొలది స్తంభములలో రెండింటిని ఎంచుకొనిరి. రెండును మన హిందూమహాసముద్రపు దక్షిణభాగమునుండి తీసినవే. పటముమీద నెల్లూరునుండి నేరుగా దక్షిణమునకు గీత గీయుడు. అది శ్రీలంక పడమటి అంచు చెంతగా పోయి, భూమధ్యరేఖను దాటి, 43½ డిగ్రీల దక్షిణ అక్షాంశము చేరుచోట మొదటి స్తంభము తీసిన తావు వచ్చును. రెండవది దానికి తూర్పుగా, ఇంకను కొంచెము దక్షిణముగా నున్నది. ఖండములకు దూరమగుటచే అక్కడి బురద కలుషితము కాలేదు. వేయి ఏండ్లకు మూడు సెంటీమీటర్లు దిగుటచే వివరము కూడ స్పష్టము. రెండింటిని జోడించగా 4,50,000 ఏండ్ల లెక్క ఎడతెగక దొరకెను.

మేళములో సన్నాయి, డోలు, శ్రుతి కలిసి మ్రోగుచున్నను చెవి గలవాడు దేని నాదము దానిని విడదీసి వినగలడు. గణితము కూడ అట్లే కలగలుపైన అలలనుండి ఒక్కొక్క తాళమును వేఱుచేయగలదు. ఆ మువ్వురు తమ కొలతలను గణితమునకు అప్పగించిరి. వచ్చిన తాళములు ఇవి: సుమారు 1,00,000 ఏండ్లు; సుమారు 42,000 ఏండ్లు; ఇక 21,000 ఏండ్ల చోట ఒకటికి బదులు రెండు, ఒకటి సుమారు 23,000 ఏండ్లకు, మఱియొకటి 19,000 ఏండ్లకు! ఇది పొరపాటై యుండునా? కాదు. ఆ కాలముననే బెల్జియము దేశపు శాస్త్రజ్ఞుడు ఆంద్రే బెర్జే, బురదతో సంబంధము లేకుండ, కేవలము గ్రహగణితముతో భూమి చలనమును మరల సూక్ష్మముగా లెక్కించి, ఆ మూడవ తాళము నిజముగా ఒకటి కాదనియు, 23,000, 19,000 ఏండ్ల తాళములు రెండనియు తెలిపెను. బురద చెప్పినది ఆకాశమును చెప్పినది. 1976 డిసెంబరులో అచ్చయిన ఆ వ్యాసముతో, మరణించిన పదునెనిమిది ఏండ్లకు మిలాంకోవిచ్ గెలిచెను.

అయితే అన్ని ప్రశ్నలును తీరినవనుకొనరాదు. త్రోవ కోలయగుటవలన ఎండలో కలుగు మార్పు మిక్కిలి స్వల్పము. అయినను మంచులెక్కలో 1,00,000 ఏండ్ల తాళమే అన్నిటికంటె బిగ్గరగా వినవచ్చుచున్నది. ఇది యెట్లు? 2005లో లిసియెకి, రేమో అను ఇరువురు శాస్త్రజ్ఞురాండ్రు 57 చోట్ల బురదలెక్కలను ఒకటిగా కూర్చి 53 లక్షల ఏండ్ల చరిత్ర కట్టిరి. అందు చూడగా, సుమారు పదిలక్షల ఏండ్లకు పూర్వము హిమకాలములు 41,000 ఏండ్ల కొకమాఱు వచ్చెడివి. మంచు కూడ తక్కువగా పేరుకొనెడిది. ఆ పిమ్మట అవి క్రమముగా దీర్ఘమై, 1,00,000 ఏండ్ల తాళమునకు మాఱినవి. ఆకాశచలనములలో అట్టి మార్పేమియు లేదు. మాఱినది భూమియే, ఏల మాఱినదో నేటికిని వాదము తెగలేదు.

హిమకాలపు గుర్తులు మనకును దూరము కావు. కడపటి హిమకాలము మిక్కిలి ముదిరియున్నప్పుడు, అనగా సుమారు 20,000 ఏండ్ల క్రిందట, సముద్రమట్టము నేటికంటె 120 మీటర్లు దిగువన నుండెను. అప్పుడు భారతదేశమునకు, శ్రీలంకకు నడుమ నడచిపోవుటకు నేల కలదు. మన కోస్తాతీరము నేటి యొడ్డునకు ఎంతో తూర్పుగా నుండెను. అట్టి కాలములలో నైరృతి ఋతుపవనము కూడ బలహీనపడెను. 2014 నవంబరు చివర బయలుదేరి, 2015 జనవరి వఱకు బంగాళాఖాతమునను, అండమాను సముద్రమునను సముద్రగర్భమును తొలిచిన జోయిడిస్ రెజల్యూషన్ అను నౌక, మహానదికి ఎదురుగా నున్న జలములందు తీసిన బురదనుండి తొమ్మిది లక్షల ఏండ్ల ఋతుపవనచరిత్రను శాస్త్రజ్ఞులు చదివిరి. గోదావరి ముఖద్వారమునకు ఎదురుగా 2006లో మన దేశపు అన్వేషణలో తీసిన స్తంభ మొకటి కలదు. అందలి ఆకుల మైనపు జాడలనుబట్టి, సుమారు 4,000 ఏండ్ల క్రిందటినుండి గోదావరి ప్రాంతము క్రమముగా ఎండి, వానలేమికి ఓర్చు మొక్కలు హెచ్చినవని 2012లో తేలినది.

బురదకు తోడు మఱియొక సాక్షి కూడ దొరకినది. అంటార్కిటికా మంచులో ఆనాటి గాలి బుడగలుగా చిక్కియున్నది. 8,00,000 ఏండ్ల మంచును పరీక్షింపగా, హిమకాలమున గాలిలోని బొగ్గుపులుసు వాయువు పదిలక్షలకు సుమారు 180 పాళ్లకు దిగెడిదనియు, వెచ్చని కాలమున సుమారు 280 పాళ్లకు ఎక్కెడిదనియు తెలిసెను. సముద్రపు బురద చూపిన అలలును, ఈ గాలి చూపిన అలలును కలిసి నడచినవి. ఆకాశము మొదలుపెట్టిన చిన్నమార్పును ఈ వాయువు పెద్దది చేసినదని శాస్త్రజ్ఞుల మతము. 2024 నాటికి బొగ్గు, నూనెలు మండించుటవలన ఆ వాయువు 420 పాళ్లను దాటినది. ఆ మంచులో ఎచ్చటను అంత పాలు కనబడలేదు.

2025 జనవరిలో ఐరోపా దేశముల శాస్త్రజ్ఞులు అంటార్కిటికాలో 2,800 మీటర్ల మంచును తొలిచి అడుగునున్న రాతిని తాకిరి. వారు తీసిన మంచుస్తంభమున 12 లక్షల ఏండ్లకు తక్కువ కాని చరిత్ర కలదు. అనగా తాళము 41,000 ఏండ్లనుండి 1,00,000 ఏండ్లకు మాఱిన కాలపు గాలి ఆ మంచులోనే యున్నది. దానిని సన్నని ముక్కలుగా కోసి, బుడగలను విడిపించి, ఆ గాలిలెక్కను సముద్రపు బురదలెక్కతో ప్రక్కప్రక్కన పెట్టి చూచుటయే వారు పెట్టుకొన్న తరువాతి పని.